డమ్మీ దగ్గర ఆగిపోయిన డెబియన్ 13: నాలుగో ప్రయత్నం

నాలుగో ప్రయత్నంలో డెబియన్ 13 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎట్టకేలకు తనంతట తాను బూట్ అయింది. మూడు సాయంత్రాలను మింగిన లోపం ఎక్కడుందో తెలిశాక నవ్వాలో, నన్ను నేను తిట్టుకోవాలో తోచలేదు, ఎందుకంటే దానికి బీజం వేసింది నేనే.

డిస్కును పూర్తిగా తుడిచి కొత్తగా మొదలుపెట్టడంలో మిగతా పనులేవీ ఇబ్బంది పెట్టలేదు. డెబియన్ 12 నుంచి పరికరాలను నడిపే ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నందున వైఫై మొదటిసారే అందింది.

ఆగిందల్లా చివరి మెట్టు మీదే. ప్యాకేజీలన్నీ దిగి ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేసే బూట్‌లోడర్ గ్రబ్ వంతు రాగానే ఎర్రటి తెర ప్రత్యక్షమై, "డమ్మీ"లో గ్రబ్‌ను ఇన్‌స్టాల్ చేయడం సాధ్యపడలేదని చెప్పేది. యూఈఎఫ్ఐ (మదర్‌బోర్డులోని కొత్త తరహా ఫర్మ్‌వేర్) ఉన్న యంత్రాల్లో గ్రబ్‌కు డిస్కు పేరుతో పని లేదు కనుక ఇన్‌స్టాలర్ ఆ చోట "డమ్మీ" అనే మాటను ఉంచుతుంది. ఆ మాట తననే అంటున్నదని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేను.

మొదటి అనుమానం పెన్‌డ్రైవ్ మీదికి పోయింది. పది ఐఎస్ఓలను (ఇన్‌స్టాలర్ ఫైళ్లను) ఒకే డ్రైవ్‌లో పెట్టుకోవడానికి వెంటాయ్ అనే సాధనానికి సాటి లేదన్నది నా అభిప్రాయమే అయినా, కారణం తెలియని లోపాన్ని వెతికేటప్పుడు మధ్యలో మరొక బూట్‌లోడర్ ఉండకూడదు కాబట్టి, చెక్‌సమ్‌తో ఫైలు పాడవలేదని సరిచూసి ఐఎస్ఓను డీడీ ఆదేశంతో పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా రాశాను. రెండో ప్రయత్నం కూడా అక్కడే ఆగింది.

అప్పుడు ఆల్ట్, ఎఫ్4 నొక్కి లాగ్ చూస్తే, చివరి వరుసలో "పరికరంలో ఖాళీ లేదు" అన్న అర్థం వచ్చే సందేశం కనిపించింది. ఖాళీ అనగానే బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషనే గుర్తుకు వచ్చి, దానిని 100 మెగాబైట్ల నుంచి ఏకంగా 1 గిగాబైట్‌కు పెంచి మూడోసారి మొదలుపెట్టాను. మళ్లీ అదే ఎర్రటి తెర. ఆ పార్టిషన్‌లో వాడినది 6 మెగాబైట్లే. వరుసను చివరి నుంచి కాక మొదటి నుంచి చదివి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది, ఎందుకంటే అందులో గ్రబ్ స్పష్టంగా చెప్పింది దేనిని బూట్ చేయాలో ఫర్మ్‌వేర్‌కు చెప్పే బూట్ ఎంట్రీని నమోదు చేయలేకపోయానని. ఆ ఎంట్రీ ఉండేది డిస్కులో కాదు, మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో.

ఆల్ట్, ఎఫ్2తో షెల్‌లోకి వెళ్లి ఆ చిప్‌లోని వేరియబుళ్లను ఫైళ్లుగా చూపే ఈఎఫ్ఐవార్స్ డైరెక్టరీ మీద, ఖాళీ ఎంతో చెప్పే డీఎఫ్ ఆదేశాన్ని నడిపాను (లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ పాత వెర్షన్లలో ఈ లెక్క కనబడేది కాదు, డెబియన్ 13 లోని 6.12లో కనబడుతుంది). మొత్తం 128 కిలోబైట్లు, వాడినవి 124, అందుబాటులో ఉన్నది సున్నా. మిగిలిన 4 ఏమయ్యాయంటే, ఆ చిప్ పూర్తిగా నిండితే కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ లేవకుండా పోయిన ఉదంతాలు 2013లో బయటపడినప్పటి నుంచి, కెర్నల్ అక్కడ 5 కిలోబైట్లను ఎప్పుడూ ఖాళీగా అట్టిపెడుతోంది; మిగిలినవి అంతకంటే తక్కువే కనుక సున్నా చూపింది. ఈ జాగ్రత్తను పక్కన పెట్టే కెర్నల్ పారామీటర్ ఒకటి ఉన్నది గాని, దాని జోలికి పోదలచలేదు.

ఫైళ్ల జాబితా తీస్తే "డంప్-టైప్0" అని మొదలయ్యేవి 71 తేలాయి. కెర్నల్ పానిక్ అయినప్పుడు, అంటే కోలుకోలేని లోపంతో ఆగిపోయినప్పుడు, లాగ్ చివరి భాగాన్ని కిలోబైట్ ముక్కలుగా ఈ చిప్‌లో దాచే పని పీస్టోర్ అనే కెర్నల్ విభాగానిది. పేర్లలోని సమయాలను బట్టి కలిపి చూస్తే 16 పానిక్‌లు లెక్కకు వచ్చాయి; అవన్నీ నేను ర్యామ్ వేగం పెంచి ప్రయోగాలు చేసిన రోజులవి. మామూలుగా సిస్టమ్‌డీ-పీస్టోర్ అనే సర్వీసు తదుపరి బూట్‌లో వాటిని డిస్కులోకి తరలించి చిప్‌ను ఖాళీ చేస్తుంది, కాని బూట్ సమయంలో అర సెకను ఆదా అవుతుందన్న ఆశతో పాత వ్యవస్థలో దానిని ఆపివేసింది నేనే.

ఆ డైరెక్టరీలో అజాగ్రత్తగా తుడిస్తే యంత్రమే పోవచ్చు. 2016 నాటి 4.5 కెర్నల్ నుంచి ముఖ్యమైన వేరియబుళ్లకు రక్షణ ఉన్నప్పటికీ, పేరు మొదలును పూర్తిగా టైప్ చేసి, ముందు జాబితా చూసి, ఆ తరువాతే తుడిచాను. అయినా డీఎఫ్ అంకెలు కదలలేదు. తుడిచిన చోటును ఫర్మ్‌వేర్ రీబూట్‌లో గాని తిరిగి కలుపుకోదేమోనని ఊహించి రీబూట్ చేస్తే, వాడకం 49 కిలోబైట్లకు దిగింది. నాలుగో ఇన్‌స్టాల్ 14 నిమిషాలలో ముగిసింది.

ఇప్పుడు పీస్టోర్ సర్వీసు నడుస్తోంది, ర్యామ్ తన అసలు వేగానికి తిరిగి వచ్చింది. ఒకే ప్రశ్నలకు నాలుగుసార్లు జవాబులిచ్చి విసిగిపోయాను కనుక, వచ్చే వారం ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు జవాబులను ముందే ఇచ్చే ప్రీసీడ్ ఫైలు రాసి, ముందు వర్చువల్ మెషీన్‌లో పరీక్షించాలి. ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ మీద నాకున్న నమ్మకం చెక్కుచెదరలేదు గాని, స్నాప్‌షాట్‌ల (పాత స్థితికి తిరిగి వెళ్లేందుకు దాచే నకళ్ల) కోసం రూట్ పార్టిషన్‌కు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌ను, హోమ్‌కు మాత్రం ఎక్స్‌ట్4నే పెట్టే ఆలోచన ఉన్నది. ర్యామ్‌ను ఈ రాత్రి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+కు అప్పగించి పడుకుంటాను.