మొదటి ప్రయత్నానికి ఎంత అడగాలి?

మంగళవారం, రాత్రి

ఆఫీసు నుంచి వచ్చి వంట ముగించేసరికి మేనకోడలు కాగితం, పెన్ను పట్టుకొని మేడ దిగి వచ్చింది. ఆదివారం జరిగే జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీలో 57 కిలోల విభాగంలో దిగుతున్నది కనుక స్క్వాట్ (బార్‌ను భుజాల మీద మోస్తూ కిందికి కూర్చొని లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకొని ఛాతీ మీది నుంచి పైకి తోయడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకొని నిటారుగా నిలబడడం) మూడింటిలోనూ ఏ ప్రయత్నానికి ఎంత బరువు అడగాలో ఈ రాత్రే తేల్చుకోవాలని దాని పట్టుదల. "అత్తా, స్క్వాట్ నూట పది కిలోలతో మొదలుపెడతా" అంది. కిందటి వారం జిమ్‌లో పళ్లు బిగబట్టి లేచిన బరువు అది.

నేను ఒప్పుకోలేదు. ఒక్కో లిఫ్టుకు మూడే ప్రయత్నాలు. తప్పిన బరువునే మళ్లీ అడగవచ్చు, పెంచనూ వచ్చు గాని, తగ్గించుకోవడానికి వీలు లేదు. స్క్వాట్‌లో మూడూ తప్పితే ఆ తరువాత ఎంత ఎత్తినా మూడు లిఫ్టుల మొత్తం లెక్కలోకి రాదు. పైగా తుంటి కీలు దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి, లేచాక రిఫరీ "ర్యాక్" (బార్‌ను స్టాండు మీద పెట్టు) అనేవరకు కదలకుండా నిలబడాలి, లిఫ్టు సరైనదేనని ముగ్గురు రిఫరీలలో కనీసం ఇద్దరు తెల్ల దీపం వెలిగించాలి. జిమ్‌లో అద్దానికి ఎదురుగా నిండుగా కనిపించే స్క్వాట్, పక్క నుంచి చూసే రిఫరీకి సగంలోనే ఆగినట్టు కనిపించడం మామూలే. అందుకే మొదటి బరువు నిద్ర చాలని రోజున కూడా ఎత్తగలిగినదై ఉండాలని నా వాదన.

చివరికి 97.5 దగ్గర కుదిరింది. బార్ 20, బిళ్లలు జారకుండా బిగించే కాలర్లు రెండూ కలిపి 5, ఒక్కో వైపు ఎర్ర బిళ్ల 25, ఆకుపచ్చది 10, ఆపైన 1.25 బిళ్ల, కాగితం మీద బొమ్మ గీసుకొని దానంతట అదే లెక్క సరిచూసుకుంది.

ఈలోగా మా మరదలు వచ్చి, "ఇదీ మల్లీశ్వరిలాగా తల మీదికి ఎత్తడమేనా వదినా?" అని అడిగింది. కాదు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తరువాత తల మీదికి) 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన ఆట వెయిట్‌లిఫ్టింగ్. ఒలింపిక్స్‌లో ఉన్నది అదే, ఇది లేదు. ఆ మాట వినగానే మరదలి ఉత్సాహం కాస్త తగ్గింది, పిల్లది మాత్రం తల కూడా ఎత్తలేదు.

బెంచ్ ప్రెస్ మీద పెద్ద చర్చ జరగలేదు. బార్‌ను ఛాతీ మీద నిశ్చలంగా ఆపి, రిఫరీ "ప్రెస్" అన్నాకే పైకి తోయాలి కనుక, జిమ్‌లో ఛాతీకి తాకించి ఎగరేసే అంకెలను నేను నమ్మను. 50తో మొదలుపెట్టమన్నాను, సరేనంది.

డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం మొదటి రెండు అంకెలే రాసి మూడో గడి ఖాళీగా వదిలేశాము. అది అన్నిటికంటే చివర వస్తుంది. ఆ మూడో ప్రయత్నంలో, వేదిక మీదికి పిలుపు రాకముందు, అడిగిన బరువును రెండుసార్లు మార్చుకోవచ్చు. ఇద్దరి మొత్తం సమానమైతే శరీర బరువు తక్కువున్నవారిదే గెలుపు. కాబట్టి ఆదివారం ఉదయం తూకంలో ఎవరెవరు ఎంత తూగారో ముందు రాసిపెట్టుకోవాలి. ఆ పని నాకు అప్పగించింది.