తోడెవరొచ్చారు?

రాజమండ్రిలో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో, పగలు కీమో ఎక్కించి పంపే డే కేర్ వార్డులో ఆయాని నేను. కాగితాల్లో ‘నర్సింగ్ అసిస్టెంట్’ అని రాసుంటుంది. పేషెంట్లకి మాత్రం ఆయమ్మనే. ఇంటర్లో ఎంపీహెచ్‌డబ్ల్యూ, అంటే ఆరోగ్య కార్యకర్త కోర్సు, చదివాను కాబట్టి బీపీ చూడటం, చార్టు రాయడం వచ్చు గానీ, పనంతా చేతులది. పొద్దున్నే వచ్చినవాళ్ల బరువు, ఎత్తు రాయాలి, ఆ లెక్క మీదే డోసు కడతారు. నరం తేలడానికి చేతి మీద వేణ్నీళ్ల బ్యాగు పెట్టాలి. వాంతికి బేసిన్ పట్టాలి. సెలైన్ స్టాండుతో సహా బాత్‌రూముకి నడిపించాలి. కీమో ఎక్కిన మనిషి ఒంట్లోంచి బయటికొచ్చేదాంట్లో రెండ్రోజుల దాకా మందుంటుంది, అందుకని చేతులకి రెండు జతల గ్లౌజులు. ఖాళీ సీసాలు, ట్యూబులు పసుపు కవర్లోకి, సూదులు తెల్ల డబ్బాలోకి. ఇవన్నీ చూసి ఎవరూ దండం పెట్టరు. కానీ ఒక్క ఆయా సెలవు పెడితే తెలుస్తుంది ఆ వార్డు సంగతి.

వీటన్నిటికంటే ముందు మేం అడిగే మాట ఒకటుంది. “తోడెవరొచ్చారమ్మా?” తోడు లేకపోతే మా దగ్గర మందు ఎక్కించరు.

2022 వేసవిలో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో, చంకవైపు, గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. “నెప్పి లేదు కదా అని ఊరుకున్నామండి” అని మా వార్డులో చెప్పుకునేవాళ్లని ఎంతమందిని చూశానో! అందుకే ఆ రోజు డ్యూటీలోనే మా సిస్టర్‌కి చెప్పాను. మామోగ్రామ్ అయింది, ముక్క పరీక్షకి (బయాప్సీకి) రాశారు. ఇంట్లో చెప్తే మా అత్తయ్య గుండె బాదుకుంది.

“సూది గుచ్చితే పాకిపోద్దంట అమ్మాయ్, వద్దు.”

“గుచ్చితే పాకదండి అత్తయ్యా. గుచ్చకపోతే ఏ మందివ్వాలో వాళ్లకి తెలీదు.”

వార్డులో చెప్పీ చెప్పీ నోటికొచ్చేసిన మాటే అది. అయినా బల్ల మీద పడుకున్నాక ఆ పరికరం టక్కుమన్నప్పుడు నా చెవిలో మోగింది మాత్రం అత్తయ్య మాటే. చదువు చదువే, భయం భయమే.

రిపోర్టులో రెండో స్టేజి, హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల మీద పెరిగే రకం), హెర్ టూ నెగెటివ్ (హెర్ టూ అనే ప్రొటీన్ ఎక్కువ లేని రకం) అని వచ్చింది. డాక్టరుగారు ఫైలు చూసి, “ఆపరేషను, కీమో, రేడియేషను, తర్వాత మాత్రలు. నీకు కొత్తగా చెప్పేదేముంది?” అన్నారు. అందరినీ అరగంట కూర్చోబెట్టి బొమ్మలు గీసి చెప్పే మనిషి! “నాకు తెలిసింది బేసిన్లూ బెడ్‌షీట్లూనండి, మిగతాదంతా నాకూ మొదట్నించీ చెప్పండి” అన్నాను. ఆయన నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుని, కాగితం తీశారు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి జబ్బు చేస్తే ఇదొక తంటా. తెలుసులే అని అందరూ అనుకుంటారు, తెలీదని అడగడానికి మనకి మొహమాటం.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పను. రొమ్ముతో పాటు చంకలో లింఫు గ్రంథులు కూడా తీశారు. డ్రెయిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి, రోజూ ఎంత నీరు దిగిందో కొలిచి రాసుకున్నాను. ఆ తర్వాత గోడకి ఎదురుగా నిలబడి వేళ్లు పైకి పాకించడం, నిన్న అందిన చోటు కంటే కొంచెం పైకి. ఎడమచేతికి ఇక బీపీ పట్టా కట్టకూడదు, సూది గుచ్చకూడదు, చెయ్యి వాచే ప్రమాదముందన్నారు. అంటే కీమో అంతా కుడిచేతి నరాలతోనే నెట్టుకు రావాలి.

వైద్యం ఆరోగ్యశ్రీలో అయింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతికి అప్పట్లో ఆరోగ్య ఆసరా అని రోజుకి 225 రూపాయల లెక్కన ఇచ్చేవారు, నెలకి 5 వేలు దాటకుండా. అదీ పడింది. కాదనను. కానీ మా ఆయన కొబ్బరి దింపుకెళ్తారు. చెట్టెక్కిన రోజుకే కూలి. రక్తపరీక్షకో రోజు, మందుకో రోజు, ఎక్కిన మర్నాడు నన్ను కనిపెట్టుకుని ఉండటానికో రోజు. మందు సర్కారిచ్చింది, తోడుకి కూలెవరిస్తారు? అక్క కువైట్లో ఇళ్లల్లో పనిచేస్తుంది, నెలనెలా ఎంతో కొంత పంపేది. నా జీతం ఎటూ ఆగిపోయింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

అందుకని ఓ ఏర్పాటు చేసుకున్నాం. రక్తపరీక్షకి నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్లేదాన్ని. మందు రోజున మా వార్డులో నాతో పాటు చేసే ఆయాయే నా తోడు. సంతకం పెట్టే కాగితంలో ‘పేషెంటుకి ఏమవుతారు’ అన్న గడి దగ్గర ఆగి, ఆలోచించి, ‘డ్యూటీ’ అని రాసింది. సిస్టర్ తిట్టి కొట్టేయించి ‘చెల్లెలు’ అని రాయించింది.

మొదటి నాలుగుసార్లూ ఎర్ర మందు, ఇరవై ఒక్క రోజులకోసారి. ఎక్కించేటప్పుడు చూడటం వేరు, ఎక్కించుకోవడం వేరు. సిస్టర్ లావుపాటి సిరంజి పట్టుకుని పక్కనే కూర్చుంటుంది. సెలైన్ ధార పోతూ ఉండగా కొంచెం కొంచెం తోస్తుంది, మధ్యమధ్యలో వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూస్తుంది. “మంటుందా? మంటుంటే వెంటనే చెప్పు.” ఆ మందు నరం బయట పడితే కండ కాలిపోతుంది. నేనా మాట రోజూ వినేదాన్నే. ఆ పూట నా చూపు ట్యూబులో ఎర్రగా కదిలే గీత మీదే ఉండిపోయింది. సాయంత్రం మూత్రం ఎర్రగా వచ్చింది. వస్తుందని తెలిసీ ఉలిక్కిపడ్డాను.

ఆ తర్వాత వాంతులు. మాత్రలు బాగానే పనిచేశాయి. పని చెయ్యనిది ఇంకోటుంది. మాది కొత్తపేట అవతల లంక. రావులపాలెం దాటి బస్సు గోదారి వంతెన ఎక్కి జొన్నాడ వైపు తిరిగేసరికి నాకు కడుపులో దేవేది. ఒంట్లో చుక్క మందు లేకపోయినా, రక్తపరీక్షకి వెళ్లే రోజైనా సరే. మా ఆసుపత్రి గేటు చూడగానే వాంతి చేసుకునే పేషెంట్లని చూసి, దారిలో ఏదో తిని ఉంటారనుకునేదాన్ని. తిండి కాదు. మందుకీ చోటుకీ ఒళ్లే ముడి వేసేసుకుంటుంది. డాక్టరుగారితో చెప్తే ముందురోజు రాత్రికి ఒక మాత్ర రాశారు, కొంచెం నెమ్మదించింది. వంతెన మీద కిటికీ వైపు కూర్చోకపోవడం నేను కనిపెట్టిన మందు.

జూలైలో రెండోసారి ఎక్కించారు. ఎక్కించిన పది రోజుల మీద రోగాలతో పోరాడే తెల్లకణాలు అట్టడుగుకి పోతాయి. సరిగ్గా అప్పుడే గోదారి పొంగింది. టీవీలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అన్నారు, 13 లక్షల క్యూసెక్కులు. బయల్దేరదామన్నాను.

అత్తయ్య కదల్లేదు. “ప్రతేడూ వచ్చే వరదేగా? ఎనభయ్యారు పెద్ద వరదలోనే ఇక్కడున్నాం.”

“అమ్మా, దానికి నీళ్ల భయం కాదే, జొరం భయం” అన్నారు మా ఆయన.

నిజమే. కీమో మీదున్న మనిషికి 100.4 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆసుపత్రికి రావాలి, పొద్దున్న చూద్దాం అనకూడదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో, ఎంతమంది “రాత్రి బస్సుల్లేవండి” అని మర్నాడు సొమ్మసిల్లిన మనిషిని తెచ్చారో నాకు తెలుసు. లంక రోడ్డు మునిగాక అర్ధరాత్రి పడవ ఎవరు కడతారు? నన్ను, ఫైలుని, థర్మామీటర్ని రావులపాలెంలో ఆడపడుచు ఇంట్లో దింపి, ఆయన వెనక్కి వెళ్లి అత్తయ్యనీ గేదెనీ ఏటిగట్టు మీదికి చేర్చారు. అటు మూడో హెచ్చరిక దాటి, 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది నీరు. ఇటు నాకు రాత్రి వణుకు మొదలైంది. 101. వదిన పక్కింటివాళ్ల ఆటో లేపించి, నన్ను దుప్పట్లో చుట్టి తీసుకెళ్లింది. తెల్లకణాల కౌంట్ పడిపోయింది. నరానికి యాంటీబయాటిక్స్, పొట్ట మీద కౌంట్ ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షన్‌కి నడుములో ఎముక లోపల్నించి తోడేస్తున్నట్టుంటుంది. నెప్పి వచ్చిందంటే పనిచేస్తోందన్నమాట అని పేషెంట్లకి మేం చెప్పేదే, నాకూ మా వాళ్లు అదే చెప్పారు. తిట్టాలనిపించింది.

జుట్టు ఎటూ పోయింది. బస్సులో ఒకావిడ “తిరపతా అండి, వాడపల్లా?” అని అడిగింది. “వాడపల్లి వెంకన్నకేనండి, ఏడు శనివారాల మొక్కు” అన్నాను. పుణ్యం చేసుకున్నానంది. దారిపొడుగునా జబ్బు కథ చెప్పడం కన్నా అదే సుఖం.

ఊళ్లో మాత్రం సలహాలకి కొదవలేదు. గుడ్డు తింటే చీము పడుతుందని ఒకరు, డాక్టర్లేమో రోజుకి రెండు తినమని. ఒకాయన పెరట్లో బిళ్లగన్నేరాకు రసం తీసి గ్లాసుతో పట్టుకొచ్చాడు, క్యాన్సర్ మందు దాంతోనే చేస్తారట. అబద్ధం కాదు, విన్‌క్రిస్టిన్ ఆ మొక్కలోంచి వచ్చిందే. కానీ దాన్ని శుద్ధి చేసి, మిల్లీగ్రాముల్లో తూచి, నరానికి ఎక్కిస్తారు. పైగా అది నా జబ్బుకి ఇచ్చే మందు కాదు. ఆకు రసంలో ఏ విషం ఎంతుందో ఎవడికెరుక? “అరుగు మీద పెట్టండి బాబాయ్” అని, ఆయన వెళ్లాక పారబోశాను.

వారం వారం ఎక్కే రెండో రకం మందు నన్ను అంత ఏడిపించలేదు, వేళ్ల చివర్లు మొద్దుబారాయంతే. జాకెట్ హుక్కు పెట్టుకోవడానికి చాలాకాలం పట్టింది. కరెంటు పెట్టినప్పుడు, అదే రేడియేషన్‌లో, చర్మం నల్లబడి ఒలిచింది. ఆ తర్వాత రోజుకో టామాక్సిఫెన్ మాత్ర, అది ఇంకా నడుస్తోంది. ఒక్కసారిగా వేడి ఆవిర్లొచ్చి, పుష్యమాసంలో కూడా ఫ్యాన్ వేసుకుంటాను. ఏడాదికోసారి కుడివైపు మామోగ్రామ్. ఇప్పటిదాకా అన్నీ బాగానే ఉన్నాయి.

మళ్లీ అదే వార్డులో చేరాను. బరువులెత్తొద్దన్నారు కాబట్టి పేషెంట్లని మంచం మీదికి జరిపే పని మా ‘డ్యూటీ’ చెల్లెలిది, బరువులు రాయడం, నరాలకి కాపడం పెట్టడం నాది. తోడు లేకుండా వచ్చినవాళ్లని వెనక్కి పంపకుండా ఆ పూటకి మాలో ఒకరం సంతకం పెట్టేలా సిస్టర్‌ని ఒప్పించాం.

ఇక జీతం సంగతి. మేం ఏజెన్సీ మనుషులం. నెలకి 21 వేల లోపు జీతగాళ్లకి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా, కట్టాలి. కట్టి ఉంటే, రెండేళ్ల సర్వీసున్నవాళ్లకి ఇలాంటి పెద్ద జబ్బులో మొదట 91 రోజులు జీతంలో 70 శాతం, ఆ పైన 80 శాతం, రెండేళ్ల దాకా వస్తుంది. మా ఏజెన్సీ నా పేరే ఎక్కించలేదు. జబ్బు చేశాక అడిగితే ‘ఆరోగ్యశ్రీ ఉందిగా’ అన్నారు. ఆరోగ్యశ్రీ వైద్యానికి, ఇంట్లో బియ్యానికి కాదు. పోయినేడు ఏజెన్సీ మారింది, నాకు ఈఎస్‌ఐ నంబరొచ్చింది. మొన్న కొత్తగా చేరిన పిల్లని జీతం కాగితం చూపించమంటే ఆ గడి ఖాళీ. ఇద్దరం సూపర్‌వైజర్ దగ్గరికెళ్తే వచ్చే నెల చూద్దాం అన్నాడు. ఒకటో తారీఖుకి మళ్లీ వెళ్తాం. ఈసారి వార్డు ఆయాలందరం.