చెవుల్లేని పిల్లి

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన ఊలుతో అల్లిన డోరేమాన్ బొమ్మ తలకాయ పెట్టుకుని కూర్చున్నాను. మొండెం అప్పటికి అతకలేదు. కళ్ళూ, ముక్కూ, మీసాలూ ఏవీ లేవు. ఉత్త నీలం గుండ్రం. మా ఆయన వచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బంతా, వంకాయా?" అని అడిగారు. మూడు వారాలుగా ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని అల్లుతున్నది ఈ వంకాయనే.

ఎవరికి అని అడిగిన వాళ్ళందరికీ మా వాడికి అని చెబుతున్నాను. అబద్ధం. వాడికి ఏడేళ్ళు, వాడి లోకమంతా ఇప్పుడు డైనోసార్లు. ఇది నా కోసమే. నేను స్కూల్లో ఉన్నప్పుడు మా ఊళ్ళో కేబుల్లో డోరేమాన్ అనే నీలం రోబో పిల్లి కార్టూన్ హిందీలో వచ్చేది. మా వీధి పిల్లలందరం హిందీ నేర్చుకున్నది పుస్తకంలోంచి కాదు, ఆ పిల్లితో ఉండే పిల్లాడు నోబితా ఏడుపులోంచి. నోబితాకి లాగే నాకూ లెక్కల్లో సున్నాలు వచ్చేవి కాబట్టి, మా ఇంట్లోనూ బల్ల సొరుగులోంచి ఒక నీలం పిల్లి బయటికి వస్తుందని చాన్నాళ్ళు ఎదురుచూశాను. డోరేమాన్ తినే డోరయాకీ అంటే బొబ్బట్టు లాంటిదని అనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, రెండు చిన్న అట్ల మధ్య ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెడతారట. అంటే పూర్ణమేగా! మరీ అంత తప్పు అనుకోలేదన్నమాట.

అల్లికతో చేసే ఇలాంటి బొమ్మల్ని జపాన్‌లో అమిగురుమి అంటారు. 'అమి' అంటే అల్లిక, 'నుయిగురుమి' అంటే దూది కూరిన బొమ్మ, రెండూ కలిసి ఆ మాట అయింది. వినడానికి ఏదో పెద్ద విద్యలా ఉంటుంది గానీ మొత్తం లెక్కే. మ్యాజిక్ రింగ్‌లో, అంటే మొదట్లో వేసే బిగించగల దారం ఉచ్చులో, 6 కుట్లు వేస్తాం. రెండో చుట్టులో ఒక్కోదాన్ని రెండు చేస్తే 12. తర్వాత 18, 24, 30, అలా ప్రతి చుట్టుకీ ఆరు పెంచుకుంటూ పోతే చక్కగా బల్లపరుపు బిళ్ళ వస్తుంది. పెంచడం ఆపితే అంచులు లేచి గిన్నె అవుతుంది. తగ్గించడం మొదలుపెడితే మూసుకుని బంతి అవుతుంది. నేను 48 దాకా పెంచాను, 48 మీదే తొమ్మిది చుట్లు తిప్పాను, తర్వాత తగ్గించుకుంటూ వచ్చి మెడ దగ్గర 24 మీద ఆపాను. పొద్దున్న కాఫీ చల్లారేలోపు కూడి చూశాను. ఒక్క తలకే 780 కుట్లు. లెక్కల్లో సున్నాలు తెచ్చుకున్న దాన్ని, కుట్టు తప్పకుండా ఇన్ని లెక్కపెట్టానంటే మా లెక్కల మాస్టారు నమ్మరు.

ఇది రెండో తల. మొదటిది విప్పేశాను. తెల్లటి మొహాన్ని విడిగా కుట్టడం ఎందుకు, తలతో పాటే రంగు మార్చి అల్లేద్దాం అని తెలివికి పోయాను. సింగిల్ క్రోషేలో, అంటే కొక్కెం సూదితో వేసే మామూలు చిన్న కుట్టుతో, గుండ్రంగా తిప్పుకుంటూ పోతే ప్రతి చుట్టులోనూ కుట్టు రవ్వంత కుడి పక్కకి జరుగుతుంది. ఒక్క రంగైతే ఆ వాలు ఎవరికీ కనిపించదు. రెండు రంగులు పెట్టేసరికి డోరేమాన్ మొహం మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది, పక్షవాతం వచ్చినట్టు. రెండు రాత్రుల పనిని పది నిమిషాల్లో లాగేశాను. విప్పుతుంటే వచ్చే ఆ చప్పుడు, టకటకా ఒక్కో కుట్టూ వదిలేస్తున్నట్టు ఉంటుందే, అది బాధగానూ ఉంటుంది, అదో రకం సుఖంగానూ ఉంటుంది. ఈసారి మొహాన్ని తెల్లటి బిళ్ళలా విడిగా అల్లి పక్కన పెట్టుకున్నాను.

ఎనిమిదింటికి అమ్మ లేచి వచ్చింది. కంటి ఆపరేషన్ చెకప్ కోసం వచ్చి నెల నుంచి మా దగ్గరే ఉంటోంది. తల చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు పట్టుకుని, బొటనవేలితో నొక్కి చూసింది.

"కన్నాలు కనబడుతున్నాయే."

నా గుండె జారింది. ఎందుకంటే అది నిజం. ఊలుకి చెప్పిన సైజు సూదితోనే అల్లాను. బొమ్మలకైతే ఒక సైజు చిన్న సూది పట్టుకుని బిర్రుగా అల్లాలి, లేకపోతే లోపలి దూది బయటికి తొంగిచూస్తుంది. ఆ సంగతి మొండెం దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది.

"మేం కన్నం కనబడ్డం కోసం అల్లేవాళ్ళం. నువ్వేమో కనబడకూడదని అల్లుతున్నావు" అంది అమ్మ, తల తిరిగి నా చేతికిస్తూ.

మాది నరసాపురం పక్క పల్లె. అక్కడ ఇంటింటా లేసు అల్లేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు వచ్చి నేర్పిన పని అది. 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి అమ్మకి ఫోన్ చేసి చెబితే, "అయితే ఇప్పుడు పువ్వుకి ఎంతిస్తున్నారట?" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు. నేను టీవీ ముందు కూర్చుని నోబితాని చూస్తుంటే అమ్మ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని పని చేసేది. దారం ఏజెంటు ఇచ్చేవాడు, సరుకు తనే పట్టుకుపోయేవాడు. మా ఇంట్లో టీవీ మీద ఒక్క లేసు గుడ్డ ఉండేది కాదు. టీవీ మీద ప్లాస్టిక్ కవరే.

అందులోనూ పని వాటాలుంటాయి. విడి పువ్వులు అల్లడం చేతిపని. ఆ పువ్వుల్ని కలిపి పెద్ద గుడ్డ చేయడం అతుకుపని. అమ్మది అతుకుపని. ఎవరెవరో ఏయే ఇళ్ళలోనో అల్లిన ముక్కలు, ఒకరిది బిగువు, ఒకరిది వదులు, అన్నీ అమ్మ ఒళ్ళోకి వచ్చి పడేవి. అన్నిటినీ ఒక్క చెయ్యి అల్లినట్టు కలపాలి. అతుకు కనబడితే డబ్బు కోత. ఇదంతా నాకు ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. కానీ రెండు చేతులు, రెండు పాదాలు, తల, మొండెం, మొహం, జేబు, గంట అన్నీ విడివిడిగా పళ్ళెంలో పెట్టుకుని, వీటిని ఎలా కుట్టాలిరా దేవుడా అని మూడు రోజులుగా వాయిదా వేస్తున్న నాకు, ఆ పని ముప్పై ఏళ్ళు చేసిన మనిషి పక్క గదిలోనే ఉందని తట్టలేదు. బొమ్మ అల్లడం సగమే. చెయ్యి ఒక్క కుట్టు పైకి పోతే డోరేమాన్ కాస్తా ఎవరినో కొట్టబోతున్నట్టు కనబడతాడు.

మధ్యాహ్నం దాకా వంట, బట్టలు, మా వాడి హోంవర్కు. రాయడానికేం లేదు.

భోజనాలయ్యాక అసలు గొడవ బయటపడింది. తల మొండెం పక్కపక్కన పెట్టి చూస్తే రెండు నీలాలూ ఒకటి కాదు. మధ్యలో ఊలు అయిపోతే పోయిన వారం సికింద్రాబాద్ జనరల్ బజార్లో మళ్ళీ ఒక ఉండ కొన్నాను. అదే కంపెనీ, అదే రంగు నంబరు. చీటీ మీద లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబరు, మాత్రం వేరు. షాపులో ట్యూబులైటు కింద ఏ తేడా లేదు. ఇంట్లో కిటికీ పక్కన చూస్తే తల ఆకాశం, మొండెం సముద్రం. నాకు ఏడుపొచ్చింది. మొండెం మళ్ళీ అల్లే ఓపిక లేదు, ఆ పాత లాట్ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

"తెలుపులో కూడా తేడాలుంటాయి తెలుసా" అంది అమ్మ. "తేడా ఉన్న రెంటినీ ఎప్పుడూ ఆనించకూడదు. మధ్యలో ఇంకోటి పెట్టాలి."

మధ్యలో ఏముంటుంది? ఎర్ర పట్టీ! డోరేమాన్ మెడకి ఎలాగూ ఎర్ర పట్టీ, దానికో పసుపు గంట ఉంటాయి. నేను సన్నగా అనుకున్న పట్టీని రెండు వరుసలు వెడల్పు చేశాను. పైన ఆకాశం, కింద సముద్రం, మధ్యలో ఎరుపు. ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకీ తెలుసు, సరే.

దూది కూరేటప్పుడు బూరుగు దూది అయితే మెత్తగా ఉంటుందంది అమ్మ. అది ఉండ కడుతుంది, పైగా నా అల్లికలో కన్నాలు కదా, ఇల్లంతా ఎగురుతుంది అని పాత దిండు చింపి ఫైబర్ తీశాను. తల బిర్రుగా, పొట్ట ఇంకా బిర్రుగా. అప్పుడు అమ్మ కళ్ళజోడు సర్ది, పెద్ద కన్నం ఉన్న కుట్టు సూది అడిగి తీసుకుంది. తల మొండెం మీద పెట్టి నాలుగు వైపులా గుండుసూదులు గుచ్చింది. తర్వాత ఎదురెదురు కుట్ల కింద నుంచి దారం దూర్చుకుంటూ వెళ్ళి, నాలుగు కుట్లకోసారి సున్నితంగా లాగింది. లాగినప్పుడల్లా దారం లోపలికి మాయమైపోయింది. నేను ఫోన్లో వీడియో పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి చూసినా రానిది అదే.

"పిల్లి అంటున్నావు, చెవులేవే?" అంది మధ్యలో ఆగి.

రోబో ఎలుక కొరికేసిందని, ఆ దుఃఖంలో వాడి అసలు పసుపు రంగు పోయి నీలం అయిపోయాడని చెప్పాను.

"ఎలుక పిల్లి చెవులు కొరకడమేమిటి, విడ్డూరం. అయితే ఇప్పుడు ఎలుకని చూస్తే ఏం చేస్తాడు?"

"భయపడి పారిపోతాడు."

అమ్మ చాలాసేపు నవ్వింది. నాకైతే ఆ ఎలుక మీద ఇప్పుడు కోపం లేదు. అల్లేవాళ్ళకి అది ఎంత మేలు చేసిందో! రెండు చెవులు సమానంగా కుట్టడం కన్నా కష్టమైన పని ఈ బొమ్మల్లో లేదు. వేళ్ళు కూడా లేవు, చేతులు ఉత్త తెల్ల ఉండలు. ఫుజికో ఎఫ్. ఫుజియో ఈ పిల్లిని 1969లో గీసింది క్రోషే వాళ్ళ కోసమేనని నా గట్టి నమ్మకం. కథ ప్రకారం వాడి ఎత్తు 129.3 సెంటీమీటర్లు, బరువు కూడా 129.3 కిలోలు. నావాడు స్కేలు పెట్టి కొలిస్తే 18 సెంటీమీటర్లు. బరువు కొలవలేదు, మా కాటాకి అందడు.

జేబు నేనే కుడతానని తీసుకున్నాను. పొట్ట మీద ఆ తెల్ల అరచందమామ, దాంట్లోంచి ఏదైనా బయటికి వస్తుంది కాబట్టి అదే ముఖ్యం. మా వాడు నిద్ర లేచి పాలు అడిగితే లోపలికి వెళ్ళి వచ్చేసరికి జేబు అమ్మ చేతిలో ఉంది. తన సంచీలోంచి పాత ఇనుప లేసు సూది తీసింది, వెంట్రుకంత సన్నది. దానికి ఎప్పుడూ చుట్టి ఉండే తెల్ల దారంతో జేబు పై అంచు పొడుగునా చిన్న చిన్న పువ్వుల్లాంటి చుట్లు వేసేసింది. నిమిషాల్లో పని.

డోరేమాన్ జేబుకి లేసు ఉండదమ్మా అనబోయాను. మా వాడు అప్పటికే ఆ జేబులో ఒక చిన్న డైనోసార్‌ని కుక్కుతున్నాడు.

తోక ఒక్కటే మిగిలింది. ఎర్ర ఉండ. పట్టీ వెడల్పు చేశానుగా, ఎర్ర ఊలు అయిపోయింది. రేపు లంచ్ టైమ్‌లో దొరికితే తేవాలి, ఈసారి లాట్ నంబరు చూసి. అన్నట్టు, ఒక్క తోకకి లాట్ చూడక్కర్లేదేమో. అయినా చూస్తాను.