మా మేనకోడలి పేరు మాణిక్యాంబ

మా తమ్ముడి కూతురు మఖ మొదటి పాదంలో పుట్టింది. పంతులుగారు పంచాంగం చూసి 'మా' అక్షరంతో పేరు పెట్టమన్నారు. ఆ సాయంత్రానికే ఫ్యామిలీ గ్రూపులో మాన్వి, మాహిర అంటూ వరసగా పేర్లు వచ్చిపడ్డాయి. నేను మాణిక్యాంబ అన్నాను. మా నాయనమ్మ పేరు అదే. మరీ పాత పేరేమో వదినా, స్కూల్లో ఏడిపిస్తారేమో అని మా మరదలు టెన్షన్ పడింది.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మా వీధిలోనే ఒక మాణిక్యమ్మ, ఒక మాణిక్యాలరావు, ఇద్దరు భీమేశ్వరరావులు ఉండేవారు. అందరికీ ఆ పేర్లు ద్రాక్షారామం గుడి నుంచి వచ్చినవే. పంచారామాల్లో ఒకటైన ఆ గుడిలో భీమేశ్వరస్వామి లింగం రెండు అంతస్తుల ఎత్తుంటుంది, అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. శ్రీనాథుడు ఈ క్షేత్రం మీదే భీమేశ్వర పురాణం రాశాడు. ఆ ప్రాంగణంలోనే మాణిక్యాంబ అమ్మవారు ఉంటుంది. అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రంలో 'మాణిక్యా దక్షవాటికే' అని చదివేది ఈ తల్లి గురించే. మన తెలుగునేల మీదున్న నాలుగు పీఠాల్లో అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక మిగతా ముగ్గురు. పురుహూతిక అని పేరున్న మనిషి మాత్రం నాకు ఇంతవరకూ తారసపడలేదు.

దక్షవాటిక అంటే దక్షుడి చోటు. దక్షుడు యజ్ఞం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. అల్లుడైన శివుణ్ణి పిలవకుండా యజ్ఞం తలపెట్టాడు. పుట్టింటికి వెళ్ళడానికి పిలుపెందుకని సతీదేవి బయల్దేరి వచ్చింది. అందరి ముందూ తండ్రి తన భర్తని నిందిస్తుంటే భరించలేక అక్కడే ప్రాణం విడిచింది. తర్వాత విష్ణుచక్రం ఆమె దేహాన్ని ఖండిస్తే ఆ భాగాలు పడిన చోట్లు శక్తిపీఠాలయ్యాయి. మిగతా పీఠాల్లో అమ్మవారు ఎక్కడెక్కడో వెలిసింది. ఇక్కడ మాత్రం తన పుట్టింట్లోనే వెలిసింది. ఏ చోట తనకి మర్యాద దక్కలేదో ఆ చోటే ఇవాళ ఊళ్ళకి ఊళ్ళు వచ్చి ఆమెకి కుంకుమపూజలు చేయిస్తున్నాయి. పెళ్ళయి అమలాపురం వెళ్ళిపోయిన నాకు ఈ కథ ఎప్పుడు తలుచుకున్నా గొంతు పట్టేస్తుంది. మా ఇంటి ఆడపిల్లకి ఈ పేరే ఉండాలని పట్టుబట్టింది అందుకే. పుట్టిన ఇంటి మీద ఆడపిల్లకి ఉండే హక్కు ఈ పేరులో ఉంది.

ఇదంతా మరదలికి చెప్పాను. రెండు రోజులు ఆలోచించుకుని సరే వదినా అంది. ఇరవై ఒకటో రోజున బారసాల చేశాం. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, తమ్ముడు బంగారు ఉంగరంతో పేరు రాశాడు, పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాడు. ఇంట్లో మణి అని పిలుచుకుంటారట, పిలుచుకోనీ. బర్త్ సర్టిఫికెట్లో మాత్రం 'అంబ' తీసేయకుండా పూర్తి పేరే రాయించమన్నాను, రాయించాడు. ఐదో నెలలో అన్నప్రాశన ద్రాక్షారామంలో, అమ్మవారి దగ్గరే చేద్దామని ఇప్పుడు మరదలే అడుగుతోంది.