గుంటనక్కనట!

రాత్రి పదకొండున్నర. ఈయన గురక మొదలుపెట్టారు. నాకేమో నిద్ర పట్టట్లేదు, ఆ మాటే చెవిలో మోగుతోంది.

మొన్న మా అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు కాలిపోయింది. రెండ్రోజులు ట్యాంకర్ నీళ్లతో నెట్టుకొచ్చాం. ఇవాళ వైండింగ్ కుర్రాడు ఆరున్నర వేలు అడిగితే అసోసియేషన్ ఖాతాలో నాలుగొందలు లేవు. లోపలికెళ్లి, అటక మీద పాత కుక్కర్లో దాచిన కవరు తెచ్చి చేతిలో పెట్టా. ఎవరైనా ఏమంటారు? "గట్టెక్కించావమ్మా" అంటారు. కింద ఫ్లాట్ బాబాయిగారు ఏమన్నారో తెలుసా? "సంక్రాంతికి రంగులేయిద్దామంటే పైసా లేదంది, చూశారా! గుంటనక్క!" అని. అదీ వాచ్‌మన్ ముందు. అందరూ నవ్వారు. ఈయన కూడా. (నవ్వు కనిపించకుండా మీసం సవరించుకున్నారు, కనిపించింది.)

ఆ డబ్బు ఏమన్నా పుట్టింటికి పంపానా? పాత పేపర్లు అమ్మినవి, డాబా ఫంక్షన్లకిచ్చినవి, అలా పోగేసినవి. సాయంత్రం ఉప్మాలో ఉప్పు కూడా మర్చిపోయానంటే ఎంత మండిందో మీకే తెలియాలి.

అసలు ఆ జంతువు చేసిన పాపమేంటో చూద్దామని ఫోన్ తీశా. ఎక్కడ చూసినా ఎర్రనక్కే. ఆర్కిటిక్ అంచు నుంచి ఉత్తర ఆఫ్రికా దాకా దాని రాజ్యమే. మన దేశంలో లడఖ్ వైపు కొండల్లో, రాజస్థాన్ ఎడారిలో ఉంటుంది, గుంటూరు దాకా రాదు. దాని తోక కొస తెలుపు. మన గుంటనక్కకి నలుపు.

నలుపు అని చదవగానే బాపట్ల దగ్గర అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వాన వెలిసిన సాయంత్రం తాతయ్యతో ఇసుక చేలోకి వెళ్లా. పుట్టలోంచి ఉసిళ్లు పొగలా లేస్తున్నాయి. పక్కనే ఒకటి, పిల్లికంటే కాస్త పెద్దది, పొడుగు చెవులు, పుల్లల్లాంటి కాళ్లు. ఒక్కో ఉసిలినీ గాల్లోనే టక్కున అందుకుంటోంది. రెక్క ఒకటి మూతికి అంటుకుంటే ముందుకాలితో తుడుచుకుంది. తాతయ్య నా భుజం నొక్కి "కదలమాక. మన చేలో ఎలకల్ని తినేది అదే" అన్నాడు. సరిగ్గా అప్పుడే నాకు తుమ్ము. అది తలెత్తి చూసి గట్టు దాటిపోయింది. తోక కొస సిరాలో ముంచినట్టుంది. జిత్తుల నక్క అంటారు కదా, ఆ మాటకీ నేను చూసినదానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం.

అక్కడే ఆపి పడుకుంటే బాగుండేది. ఇంకా కిందికి చదివా.

ఎర్రనక్క మంచు కింద ఎలక కదిలే చప్పుడు విని, పైకెగిరి తలకిందులుగా దూకుతుంది. 2011లో చెక్ దేశపు పరిశోధకులు చెప్పిందేంటంటే, మంచులోనో గుబురు గడ్డిలోనో ఈశాన్యం వైపు దూకినప్పుడు నాలుగింట మూడుసార్లు దాకా దొరికిందట! సంపు ఈశాన్యంలోనే ఉండాలని మూడు మీటింగులు తినేసిన బాబాయిగారు వింటే పొంగిపోతారు. నైరుతి వైపు దూకినా బాగానే దొరుకుతాయట, ఆ ముక్క మాత్రం ఆయనకి చెప్పను.

మిగిలిన తిండిని అది ఒకేచోట పెట్టదట. చిన్న చిన్న గుంటలు తవ్వి, ఒక్కోదాంట్లో కొంచెం దాచి, ముక్కుతో మట్టి నెట్టి మూసేస్తుంది. ఒకటి ఎవడన్నా ఎత్తుకుపోయినా మిగతావి ఉంటాయని. తినేశాక ఖాళీ గుంట దగ్గర మూత్రం పోసి గుర్తు పెట్టుకుంటుంది, మళ్లీ వెతుక్కోకుండా.

నాకు నవ్వాగలేదు. కుక్కర్లో ఒకటి, బియ్యం డబ్బాలో ఒకటి, అత్తయ్యగారి ఊరగాయ జాడీల వెనక ఒకటి. ఖాళీ అయిన కవరు మీద అడ్డగీత కొడతాను, తేడా అంతే. రంగులకి పైసా లేదని నేను అబద్ధం చెప్పిన మాటా నిజమే.

అయినా వాచ్‌మన్ ముందు అనాల్సింది కాదు. అతను రేపట్నుంచి నన్ను చూసి నవ్వడూ?

పైన ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు. ఇవాళ మోటారు కట్టే వంతు బాబాయిగారిది, పడుకునుంటారు. వెళ్లి నేనే కట్టేసి వస్తా. మళ్లీ కాలిందంటే బియ్యం డబ్బా తియ్యాలి.