హైవే వెడల్పుకు ముందు పురావస్తు సర్వే: ఒహాయోలో నా అనుభవం

నేను ఒహాయోలో హైవేలు డిజైన్ చేసే సివిల్ ఇంజినీర్‌ని. కొలంబస్‌కు తూర్పున పొలాల మధ్య నుంచి పోయే ఒక రెండు లేన్ల రోడ్డును వెడల్పు చేసే పని మా టీమ్‌కి వచ్చింది. ఫెడరల్ నిధులున్న పని కాబట్టి 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 106 వర్తిస్తుంది. రోడ్డు పడే చోట పాత ఆనవాళ్లు ఉన్నాయేమో వెతకాలి, ఉంటే వాటికి ఏమవుతుందో తేల్చాలి. అది తేలేదాకా టెండర్ లేదు.

ముందు ఆర్కియాలజిస్టులు పాత మ్యాపులు, నమోదైన సైట్ల రికార్డులు చూశారు. పొలాల్లోకి వెళ్లడానికి రైతుల అనుమతులు తెచ్చుకోవడానికే ఎక్కువ టైమ్ పట్టింది. నేల గడ్డకడితే పార దిగదు, చలికాలం దగ్గరపడుతోందని అందరికీ టెన్షన్.

తవ్వేటప్పుడు నేనూ వెళ్లాను. 15 మీటర్లకొక జెండా పాతి, ఒక్కోచోట అర మీటరు చదరాన గుంత తీస్తారు. తీసిన మట్టినంతా పావు అంగుళం కన్నాల జల్లెడలో ఆడిస్తారు. నాగలి తగిలిన ముదురు రంగు పైమట్టి పోయి, కింద ఎవరూ కదిలించని పసుపు మట్టి వస్తే ఆ గుంత పూడ్చేస్తారు. వరసగా ఖాళీ గుంతలే.

వాగు పక్కన చిన్న మిట్ట మీద మాత్రం జల్లెడలో గోరంత రాతి పెచ్చులు మిగిలాయి. ఆర్కియాలజిస్ట్ ఒకదాన్ని తడిపి ఎండకు పట్టుకుంది. తేనె రంగు, ఒక చివర గులాబీ చార, బ్లేడు లాంటి అంచు. ఒహాయోలోనే ఉన్న ఫ్లింట్ రిడ్జ్ అనే గట్టు చెకుముకి రాయట! వేల ఏళ్లు ఆ గట్టు నుంచే రాయి తెచ్చుకుని జనం పనిముట్లు చెక్కుకున్నారు. తర్వాత అక్కడే పెద్ద గుంతలు తీస్తే నల్లటి మట్టి మచ్చ, నిప్పుకి పగిలిన రాళ్లు, బొగ్గు కనిపించాయి. ఎవరిదో పొయ్యి. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నివేదిక రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయానికి వెళ్లింది. వాళ్లకు 30 రోజుల గడువు. ఒకప్పుడు ఇక్కడ బతికిన షానీ, వయాన్‌డాట్ అనే మూలవాసి తెగలకూ ఉత్తరాలు వెళ్లాయి, ఓక్లహోమాకి. మూలవాసులను పడమటికి తరలించే 1830 చట్టం తర్వాత వాళ్లను ఇక్కడి నుంచి వెళ్లగొట్టారు, వయాన్‌డాట్లు 1843లో కదిలారు. తమ నేల గురించి వాళ్లు అంత దూరం నుంచి మాట్లాడాల్సి రావడం నన్ను కలచివేసింది.

నాగార్జునకొండ గుర్తొచ్చింది. లోయ మునగకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండపైకీ అనుపుకీ తరలించారు. అక్కడ సాగర్ నీటిని పక్కకు జరపడం కుదరదు. మా ప్లాన్‌లో మిట్ట మీద పడుతున్నది వాన నీరు నిలిపే చెరువు ఒక్కటే, దాన్ని జరపొచ్చు. రోడ్డు అవతలి పొలంలోకి మార్చి, పైపుల వాలు మళ్లీ లెక్కగట్టాను. ప్లాన్ షీట్లలో మిట్ట చుట్టూ కంచె గీసి, యంత్రాలు లోపలికి వెళ్లకూడదని మాత్రమే రాశాం. సైట్ ఉందని తెలిస్తే రాళ్లు ఏరుకుపోయేవాళ్లు వస్తారు, అందుకే కారణం ఆ షీట్ల మీద ఉండదు.

ఆమోదం వచ్చింది, పని టెండర్‌కి వెళ్లింది. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఒక్క మాట: సర్వే భూసేకరణకు ముందే పెట్టించుకోండి. అప్పటికి మేం ఎకరం కూడా కొనలేదు కాబట్టే చెరువును మార్చగలిగాం.