అజుచి కొండ మెట్ల మీద

క్యోటోలో రైలెక్కితే అజుచి గంట కూడా పట్టదు. స్టేషన్ బయటే ఒడా నొబునాగా విగ్రహం, పదహారో శతాబ్దంలో జపాన్‌ను ఒకటి చేయబూని ఇక్కడి కొండ మీద కోట కట్టించిన యుద్ధ ప్రభువు. అక్కడి నుంచి వరి పొలాల మధ్య అరగంట నడిచాను. ఒకప్పుడు బివా సరస్సు నీళ్ళు కోట కింది దాకా వచ్చేవి, తర్వాతి కాలంలో ఆ నీళ్ళు తోడేసి పొలాలు చేశారు.

నేను మెట్ల మొదట్లోనే ఆగిపోయాను. మామూలుగా కోట దారిని మెలికలు తిప్పి కడతారు, శత్రువు తేలిగ్గా ఎక్కి రాకూడదని. ఇక్కడ మాత్రం విశాలమైన రాతి మెట్లు దాదాపు 180 మీటర్లు సూటిగా పైకి పోతాయి. 1560లో ఒకెహజమా దగ్గర తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన, పొరుగు ప్రభువు ఇమగవా సైన్యాన్ని కొట్టి పైకొచ్చి, 1567 తర్వాత 'తెన్కా ఫుబు', అంటే దేశమంతా ఆయుధబలంతో ఏలుతానని ముద్ర వేసుకున్న నొబునాగా, రండి చూడండి అన్నట్టు కట్టించుకున్న దారిలా అనిపించింది నాకు.

ఆ మెట్లలోనే రాతి బుద్ధులున్నారు. కోట కట్టేటప్పుడు మామూలు రాళ్ళతో పాటు వాటినీ మెట్లలో పరిచేశారు. పుస్తకానికి కాలు తగిలినా కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని, చూడగానే కాలు వెనక్కి తీసుకున్నాను. అరిగిపోయిన ఆ ముఖాల ముందు ఎవరో చిల్లర పెట్టి వెళ్ళారు, నేనూ ఒక 5 యెన్ల నాణెం పెట్టి పక్కనుంచి ఎక్కాను. 1571లో క్యోటో దగ్గరి హియే కొండ మీద బౌద్ధ మఠాలన్నీ తగలబెట్టి, సన్యాసులతో పాటు ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపించింది కూడా ఈయనే. సంతల్లో సుంకాలు తీసేసి ఎవరైనా వచ్చి అమ్ముకోవచ్చన్న మంచి పని చేసినా, ఆ ఒక్క విషయంలో నాకు మనసొప్పదు.

పైన ఇప్పుడు మిగిలింది పునాది రాళ్ళే, వరసలు వరసలుగా. 1579లో పూర్తయిన కోట బురుజు, 1582లో సొంత సేనాని అకెచి మిత్సుహిదే తిరగబడి క్యోటోలోని హొన్నోజి గుళ్ళో నొబునాగాను చుట్టుముట్టి, ఆయన అక్కడే చనిపోయాక, కొద్ది రోజులకే కాలిపోయింది. మూడేళ్ళు, అంతే! దేశాన్ని ఒకటి చేసే పని 1590లో ఆయన మరో సేనాని హిదెయోషి ముగించాడు, 1603లో దేశాన్ని ఏలే సైనికాధిపతి, అంటే షోగన్ పదవి, ఆయన మిత్రుడు ఇయెయాసుకు దక్కింది. ఆ హిదెయోషి ఇల్లు ఉండేదని చెప్పే చోటు మెట్ల పక్కనే ఉంది.

కొండ దిగి దగ్గర్లోని మ్యూజియంకి వెళ్ళాను. 1992లో స్పెయిన్‌లో జరిగిన సెవిల్ ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన కోసం ఆ బురుజు పై రెండంతస్తులు అసలు సైజులో మళ్ళీ కట్టి, తర్వాత ఇక్కడికి తెచ్చి పెట్టారు. కిందిది ఎనిమిది మూలల ఎర్ర అంతస్తు, దాని మీద బంగారం మెరుస్తూ ఇంకోటి. పైన చూసొచ్చిన ఆ రాళ్ళ మీద ఇదంతా నిలబెట్టి ఊహించుకుంటూ కూర్చుండిపోయాను, అనుకున్న రైలు వెళ్ళిపోయింది, తర్వాతది ఎక్కాను.